మీకు తెలుసా? దగ్గరైన కొద్దీ దారితప్పే మాటలు

ఎవరి వీపు వాళ్లదే

కాపురం పాతబడిన కొద్దీ ఒకరి మాట ఇంకొకరికి సగంలోనే అర్థమైపోతుందని మనందరి నమ్మకం. అమెరికాలో కెనెత్ సావిట్‌స్కీ, బోవజ్ కెయ్‌సార్, నికొలస్ ఎప్లీ, మరికొందరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ నమ్మకాన్ని పరీక్షకు పెట్టారు. 24 జంటలను పిలిచి, రెండేసి జంటల చొప్పున, ఎవరి ముఖం ఎవరికీ కనిపించకుండా కుర్చీల్లో వీపులు తిప్పి కూర్చోబెట్టారు. రోజూ ఇంట్లో అనుకునే మామూలు మాటలే ఒకరు చెప్పాలి. ఏ ఉద్దేశంతో అన్నారో మిగతావాళ్లు పట్టుకోవాలి. "ఇంతసేపూ ఏం చేస్తున్నావ్?" లాంటి మాట తీసుకోండి. అది ఆరా కావచ్చు, దెప్పు కావచ్చు, అనుమానం కావచ్చు, ఊరికే పలకరింపూ కావచ్చు.

తేలిందేమిటంటే, సొంత భార్యకో భర్తకో అర్థమైనదానికీ, పక్కనే ఉన్న ముక్కూమొహం తెలియని మనిషికి అర్థమైనదానికీ పెద్ద తేడా లేదు. చెప్పినవాళ్లు మాత్రం "మా ఆవిడకు తెలిసిపోయి ఉంటుంది", "మా ఆయన ఇట్టే పట్టేస్తారు" అనే ధీమాతో ఉన్నారు. 2011లో అచ్చయిన ఈ పరిశోధన చెప్పిన కారణం ఇది: కొత్తవాళ్లతో మాట్లాడేటప్పుడు వాళ్లకు ఏం తెలుసో, ఏం తెలియదో చూసుకుని విడమరచి చెబుతాం. మనవాళ్ల దగ్గరికొచ్చేసరికి ఆ జాగ్రత్త వదిలేస్తాం. భార్య "ఇల్లంతా ఉక్కపోతగా ఉంది" అంటుంది. ఏసీ వేయమని ఆమె ఉద్దేశం. ఆయన ఫోన్లోంచి తలెత్తకుండా "అవును, ఈసారి ఎండలు ముదిరాయి" అంటాడు. పావుగంట తర్వాత జరిగే గొడవకు మూలం ఎక్కడుందో ఇద్దరికీ తెలియదు.

సంసారం చెడిందంటే ప్రేమ తగ్గిందని అనేస్తాం. చాలా ఇళ్లలో తగ్గింది ఈ విడమరచి చెప్పడమేనని నేను నమ్ముతాను.

బల్ల మీద వాయించిన పాట

1990లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ న్యూటన్ అనే పరిశోధక విద్యార్థిని ఒక చిన్న ఆట ఆడించింది. ఒకరు అందరికీ తెలిసిన పాటను మనసులో అనుకుని, ఆ దరువును వేళ్లతో బల్ల మీద కొట్టాలి. ఎదుటివాళ్లు పాటేదో చెప్పాలి. కొట్టేవాళ్లను ముందే అడిగితే సగం పాటలైనా పట్టుకుంటారని అంచనా వేశారు. మొత్తం 120 పాటల్లో ఎదుటివాళ్లు పట్టుకున్నవి మూడే.

కొట్టేవాళ్లకు లోపల రాగం, చరణం, వాద్యాలు అన్నీ వినిపిస్తున్నాయి. వినేవాళ్లకు వినిపించేది టకటక చప్పుడే. ఇంత తేలిక పాట ఎందుకు తెలియడం లేదని కొట్టేవాళ్లు విసుక్కున్నారు కూడా. మీరూ ఇంట్లో ఆడి చూడండి. ఘంటసాల పాటైనా సరే, పట్టుకోవడం ఎంత కష్టమో తెలుస్తుంది.

నిమిషంన్నరకోసారి

మాట సరిగా అందకపోవడం అరుదైన సంగతి కాదు. నెదర్లాండ్స్‌లోని మాక్స్ ప్లాంక్ మనోభాషాశాస్త్ర సంస్థ పరిశోధకులు, మార్క్ డింగెమన్స తదితరులు, వేర్వేరు ఖండాల్లోని 12 భాషల్లో ఇళ్లలో జరిగే మామూలు సంభాషణలను వీడియో తీసి లెక్క చూశారు. 2015లో వచ్చిన ఆ లెక్క ప్రకారం సగటున ప్రతి 1.4 నిమిషాలకు ఒకసారి ఎవరో ఒకరు "ఆఁ?", "ఎవరూ?", "రేపా, ఎల్లుండా?" అని ఆపి అడుగుతూనే ఉంటారు. ఏ భాషలోనైనా ఇంతే. అడిగితే చిన్నబోవాల్సిన పని లేదు, అడిగినవాళ్ల మీద విసుక్కోవాల్సిన పని అంతకన్నా లేదు. చెవి మందగించిన పెద్దవాళ్లున్న ఇళ్లలో ఈ సంగతి మరీ గుర్తుండాలి. రెండుసార్లు విసుక్కుంటే మూడోసారి వాళ్లు అడగడం మానేసి, విన్నట్టు తలూపడం మొదలుపెడతారు.

ఊఁ కొట్టకపోతే కథ పాడవుతుంది

రాత్రిళ్లు కథ చెప్పే ముందు అమ్మమ్మలు పెట్టే షరతు తెలుసు కదా: ఊఁ కొట్టాలి. ఊఁ ఆగిపోతే పిల్లలు నిద్రపోయారని లెక్క, కథ అక్కడితో ఆగుతుంది. ఈ షరతు ఎంత గట్టిదో కెనడాలోని విక్టోరియా విశ్వవిద్యాలయంలో జానెట్ బావెలస్ బృందం చేసిన ప్రయోగం చూస్తే అర్థమవుతుంది.

త్రుటిలో ప్రమాదం తప్పిన సంఘటనేదైనా ఉంటే ఎదురుగా కూర్చున్న కొత్త మనిషికి చెప్పమన్నారు. వినేవాళ్లలో కొందరిని మామూలుగా వినమన్నారు. ఇంకొందరికి చెప్పేవాళ్లకు తెలియకుండా ఒక పని పెట్టారు: ఇంగ్లీషు 'టీ' అక్షరంతో మొదలయ్యే మాట వచ్చినప్పుడల్లా బటన్ నొక్కాలి. ఆ రెండోరకం శ్రోతలు చెవి రిక్కించి వింటూనే ఉన్నారు, ప్రతి మాటా వాళ్ల చెవిన పడింది. కానీ కథ మీద ధ్యాస లేదు. సరైన చోట "అయ్యో", "తర్వాత?" అనడం, కళ్లు పెద్దవి చేయడం తగ్గిపోయాయి. దాంతో చెప్పేవాళ్లే తడబడ్డారు. అసలు ఘట్టం వచ్చేసరికి నత్తినత్తిగా, చప్పగా ముగించారు. కొందరు చెప్పిందే మళ్లీ చెప్పారు. ఇంకొందరు అది నిజంగా ప్రమాదకరమేనని సంజాయిషీ ఇచ్చుకున్నారు. 2000లో ఈ పరిశోధన అచ్చయింది. వినేవాళ్లు కూడా సగం కథ చెబుతారని దాని సారాంశం.

జపాన్‌లో ఈ ఊఁ కొట్టడం మన దగ్గరకన్నా ఎక్కువ. మాట మాటకూ తల ఊపుతూ "హై, హై" అంటారు. "వింటున్నాను, చెప్పండి" అని దానర్థం. ఒప్పుకున్నారనుకుని సంతోషంగా తిరిగొచ్చిన విదేశీ వ్యాపారులు తర్వాత కంగుతిన్న సందర్భాలు ఎన్నో. మన తల ఊపుడుతోనూ ఇదే చిక్కు. రెండు పక్కలకూ తల ఊపుతూ మనం "సరే" అంటాం, పడమటి దేశాలవాళ్లకు అది అవునో కాదో అంతుపట్టదు.

అమెరికాలో ఉన్న కొడుకు అమ్మతో ఫోన్లో మాట్లాడుతూ పక్కన ల్యాప్‌టాప్ చూసుకుంటూ ఉంటాడు. ప్రతి మాటా వింటూనే ఉన్నానంటాడు. నిజమే కావచ్చు. కానీ ఊఁ రావాల్సిన చోట రాదు, వచ్చినా ఒక క్షణం ఆలస్యంగా వస్తుంది. ఆమె పక్కింటి పెళ్లి సంగతి మధ్యలోనే ముగించి "సరేరా, పని చూసుకో" అని పెట్టేస్తుంది. అమ్మ ఈమధ్య పెద్దగా ఏమీ చెప్పడం లేదని అతను అనుకుంటాడు. అలాంటి ఇళ్లు మన ఊళ్లలో ఎన్నో ఉన్నాయి.

కన్ను మూసి తెరిచేంత వ్యవధి

ఒకరు మాట ఆపాక ఇంకొకరు మొదలుపెట్టడానికి పట్టే వ్యవధి ఎంతో తెలుసా? తాన్యా స్టివర్స్ తదితరులు పది భాషల్లో కొలిచి 2009లో ప్రకటించారు. సగటున సెకనులో ఐదో వంతు. ఆ పదింటిలో జవాబు అన్నిటికన్నా త్వరగా వచ్చేది జపనీస్‌లో, దాదాపు వ్యవధే లేకుండా. అన్నిటికన్నా నెమ్మది డానిష్, సుమారు అర సెకను. ఇంత చిన్న తేడాకే "ఈ మనిషి నోరు తెరవనివ్వడు", "ఈవిడకు మాట్లాడాలనే లేదు" అనే అభిప్రాయాలు పుడతాయి.

భాషాశాస్త్రవేత్త డెబొరా టానెన్ 1978లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో, థాంక్స్‌గివింగ్ విందులో తనతో సహా ఆరుగురు స్నేహితుల మాటలను రికార్డు చేసింది. న్యూయార్క్ వాళ్లు ఒకరి మాట మీద ఒకరు మాట వేసుకుంటూ, ప్రశ్నల మీద ప్రశ్నలు గుప్పిస్తూ మాట్లాడారు. అది వాళ్ల దృష్టిలో ఉత్సాహం, ఆప్యాయత. మిగతావాళ్లు తమ వంతు కోసం ఎదురుచూస్తూ ఉండిపోయారు. ఆ వంతు అంత తేలిగ్గా రాలేదు. ఒకే భాష, అందరూ స్నేహితులే.

వీడియో కాల్స్‌లో ఈ వ్యవధిని నెట్‌వర్క్ పెంచేస్తుంది. సిగ్నల్ ఆలస్యమైతే, ఆ తప్పు లైనుదని పోల్చుకోలేక, అవతలి మనిషికే శ్రద్ధ లేదని, కలుపుగోలుగా లేడని అనుకుంటామని జర్మనీలో 2014లో జరిగిన పరిశోధన చూపింది. అల్లుడు ముభావంగా ఉన్నాడనే ముందు వైఫై ఒకసారి చూసుకోవడం మంచిది.

థాంక్స్ ఎవరు చెబుతారు?

"మీ వాళ్లు ఇంట్లో ఒకరికొకరు థాంక్స్ కూడా చెప్పుకోరేం?" అని విదేశాల్లో పెరిగిన మన పిల్లలు తాతయ్య, నానమ్మలను చూసి ఆశ్చర్యపోతుంటారు. మంచినీళ్లు తెచ్చిన కోడలికి మామగారు థాంక్స్ చెబితే మన ఇళ్లలో ఆమెకే ఎబ్బెట్టుగా ఉంటుంది, తనను పరాయిదాన్ని చేశారా అనిపిస్తుంది.

ఈ విషయంలో మనం ఒంటరి కాదు. సైమియన్ ఫ్లాయిడ్ తదితరులు ఐదు ఖండాల్లోని ఎనిమిది భాషల్లో, ఇళ్లలోనూ స్నేహితుల మధ్యా జరిగే మామూలు మాటలను పరిశీలించి 2018లో ఫలితాలు ప్రకటించారు. ఉప్పందివ్వమనో, తలుపు వేయమనో అడిగి, ఆ పని జరిగిన వెయ్యికి పైగా సందర్భాల్లో నోటితో కృతజ్ఞత చెప్పింది సుమారు ఇరవైలో ఒక్కసారి. ఇంగ్లీషు, ఇటాలియన్‌లలో అది కాస్త ఎక్కువ, అయినా ఆరేడింటిలో ఒకసారే. ఈక్వడార్‌లో మాట్లాడే చాపలా భాషలో ఒక్కసారి కూడా లేదు. అడిగితే చేయడం, చేస్తే తీసుకోవడం అనేది మనుషుల మధ్య ముందే కుదిరిపోయిన ఒప్పందమని ఆ పరిశోధకుల మాట.

అందుకని రెండు వైపులా నేరం మోపడం మానుకోవాలి. థాంక్స్ చెప్పని తాతకు కృతజ్ఞత లేక కాదు, మాటిమాటికీ చెప్పే మనవరాలికి ప్రేమ లేకా కాదు.

మూడోసారి అడిగితేనే

ఇరాన్‌లో టాక్సీ దిగి ఎంతయిందని అడిగితే డ్రైవర్ "మీ ముందు ఇదెంత, ఏమీ వద్దు" అంటాడు. నిజమనుకుని వెళ్లిపోతే మహా తప్పు. మళ్లీ అడగాలి, బతిమాలాలి, అప్పుడు ధర చెబుతాడు. తారోఫ్ అనే ఈ మర్యాదలో, పెట్టేవాళ్లు పెడతామనాలి, పుచ్చుకునేవాళ్లు రెండు మూడుసార్లు వద్దనాలి. ఇది చదువుతుంటే మన పెళ్లి విస్తళ్లు గుర్తుకు రావడం లేదూ? "చాలండీ చాలు" అని చేయి అడ్డం పెట్టినా ఇంకో గరిటె వేయాల్సిందే. వేయకపోతే మర్యాద చేయలేదని ఏళ్ల తరబడి చెప్పుకుంటారు.

కొత్తగా అమెరికా వెళ్లిన మన కుర్రాళ్లు అక్కడివాళ్ల ఇంటికి భోజనానికి వెళ్లి, మొహమాటానికి "వద్దండీ" అంటారు. ఆతిథ్యమిచ్చినవాళ్లు "సరే" అని గిన్నె తీసేస్తారు. వాళ్ల లెక్కలో వద్దన్న మనిషిని బలవంతపెట్టడం అమర్యాద.

మొహమాటానికి 73 ప్రాణాలు

1990 జనవరి 25 రాత్రి. కొలంబియా నుంచి న్యూయార్క్ వస్తున్న ఏవియాంకా 52 విమానంలో 158 మంది ఉన్నారు. వాతావరణం బాగాలేక కెనడీ విమానాశ్రయంలో రద్దీ. మూడు చోట్ల గాల్లోనే చక్కర్లు కొట్టించారు, మొత్తం గంటా పావుకు పైగా. ఇంధనం అడుగంటింది. కంట్రోలర్లతో ఇంగ్లీషులో మాట్లాడేది కో పైలట్. అతను "మాకు ప్రాధాన్యం కావాలి" అన్నాడు, "ఇంధనం అయిపోతోంది" అన్నాడు. కానీ "ఎమర్జెన్సీ" అనలేదు. ఆ ఒక్క మాటా పడితే మిగతా విమానాలన్నిటినీ పక్కకు తప్పించి దారి ఇవ్వాలని నియమం. "ఇంధనం తక్కువ" అనడం ఆ రాత్రి ఆకాశంలో అందరూ అంటున్న మాటే.

మొదటిసారి రన్‌వే అందలేదు. తిరిగి పైకి లేపాక, ఎమర్జెన్సీ అని చెప్పమని కెప్టెన్ స్పానిష్‌లో అన్నాడు. కో పైలట్ కంట్రోలర్ చెప్పిన దిశ తిరిగి చెప్పి, దాని చివర "మళ్లీ ప్రయత్నిస్తాం, ఇంధనం అయిపోతోంది" అని తగిలించాడు. చెప్పావా అని కెప్టెన్ అడిగితే చెప్పానన్నాడు. ఇంకాస్త దూరం తిప్పి తెస్తాం, మీ ఇంధనానికి ఫర్వాలేదా అని కంట్రోలర్ అడిగాడు. ఫర్వాలేదనే అనుకుంటా, చాలా థాంక్స్ అన్నది కో పైలట్ జవాబు. కొన్ని నిమిషాలకే ఇంజన్లు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. లాంగ్ ఐలండ్‌లోని కోవ్ నెక్ అనే ఊళ్లో విమానం కూలింది. 73 మంది చనిపోయారు. ట్యాంకుల్లో చుక్క లేదు గనక మంటలు రాలేదు.

కొలంబియా సంస్కృతిలో పెద్దవాళ్లను, అధికారులను గట్టిగా అడగరు గనకే ఇలా జరిగిందని చాలామంది రాశారు. అది మొత్తం కథ అనుకోను. ఇంధనం లెక్క సరిగా చూసుకోకపోవడం, ఒక కంట్రోలర్ విన్న సంగతి ఇంకో కంట్రోలర్‌కు పూర్తిగా చేరకపోవడం, ఇవన్నీ ఉన్నాయి. కానీ చావు ముంచుకొస్తున్నా ఎదుటివాళ్లకు ఇబ్బందని గొంతు తగ్గించుకోవడం ఎలా ఉంటుందో మనకు బాగా తెలుసు. గుండెల్లో నొప్పి వస్తుంటే "ఈ అర్ధరాత్రి పిల్లల్ని లేపడం ఎందుకులే" అనుకునే పెద్దవాళ్లు లేని వీధి మన ఊళ్లలో లేదు.

ఇలాంటి ప్రమాదాలు చూశాక అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో పైలట్లకు, కంట్రోలర్లకు భాషా పరీక్షలు తప్పనిసరి చేసింది. 2008 మార్చి నుంచి అవి అమల్లో ఉన్నాయి.

మాట్లాడకపోవడమూ ఆదరమే

అమెరికాలోని ఆరిజోనా రాష్ట్రంలో సిబెక్యూ అనే ఊరు పశ్చిమ అపాచీ తెగవాళ్లది. మానవశాస్త్రవేత్త కీత్ బాసో వాళ్లు ఎప్పుడెప్పుడు మౌనంగా ఉంటారో గమనించి 1970లో రాశాడు. కొత్తవాళ్లు కలిసినప్పుడు, అబ్బాయీ అమ్మాయీ కొత్తగా కలిసి తిరుగుతున్నప్పుడు, ఎవరైనా కోపంతో ఊగిపోతున్నప్పుడు, ఇంట్లో చావు జరిగి దుఃఖంలో ఉన్నవాళ్ల దగ్గర, వాళ్లు పెదవి విప్పరు. అన్నిటికన్నా మనసును తాకేది ఇంకొకటి. దూరంగా బోర్డింగ్ స్కూల్లో చదివే పిల్లలు సెలవులకు బస్సు దిగితే తల్లిదండ్రులు ఎదురెళ్లి నిలబడతారు, ఏమీ మాట్లాడరు. పావుగంట దాకా అలాగే. పిల్లలే ముందు నోరు విప్పాలి. బయటి చదువుతో వాళ్లు ఎంత మారిపోయారో, తమను చూసి సిగ్గుపడుతున్నారేమో తెలియదు కదా. అందుకని వాళ్ల మాటల్లోంచే కనిపెట్టేదాకా ఆగుతారు.

మన దగ్గర శంషాబాద్ విమానాశ్రయంలో బయటికొచ్చిన కూతురి మీద ప్రశ్నల వాన కురుస్తుంది. చిక్కిపోయావేంటి, తిన్నావా, అల్లుడు రాలేదేం? రెండూ తల్లి మనసులే.

వంద దాటిన గుండె

పైన చెప్పిన అపాచీల మౌనం వేరు, గొడవలో నోరు కుట్టేసుకోవడం వేరు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో భార్యాభర్తల మాటలను దశాబ్దాల పాటు గమనించిన జాన్ గాట్‌మన్, గొడవ మధ్యలో మొగుడో పెళ్లామో గోడలా బిగుసుకుపోవడాన్ని కాపురానికి కీడు చేసే నాలుగు అలవాట్లలో ఒకటిగా లెక్కపెట్టాడు. తప్పులెంచడం, చులకన చేయడం, సమర్థించుకోవడం మిగతా మూడు. చులకన వీటన్నిటిలోకీ చెడ్డదంటాడు. బిగుసుకుపోయిన మనిషి పైకి రాయిలా కనిపిస్తాడు, లోపల గుండె నిమిషానికి వంద దాటి కొట్టుకుంటూ ఉంటుంది. అప్పుడు ఏం చెప్పినా తలకెక్కదు. కనీసం ఇరవై నిమిషాలు విడిగా ఉండి, మళ్లీ కూర్చోవాలని ఆయన సలహా.

ఆయన ఇంకో గమనిక ఇంతకన్నా విలువైనదని నాకనిపిస్తుంది. 130 కొత్త జంటలను ఒక అపార్ట్‌మెంట్‌లాంటి ప్రయోగశాలలో ఉంచి చూశాడు. "చూడు, ఆ పిట్ట ఎంత బాగుందో" అని ఒకరంటే రెండోవాళ్లు ఏం చేశారన్నదే లెక్క. ఆరేళ్ల తర్వాత కలిసి ఉన్న జంటలు అప్పట్లో ఇలాంటి పిలుపుల్లో నూటికి 86కి పలికాయి. విడిపోయిన జంటలు 33కే.

షెల్లీ గేబుల్ తదితరులు 2004లో చూపింది దీనికి దగ్గరి బంధువే. కష్టంలో ఓదార్చడం ఒక్కటే కాదు, శుభవార్తకు ఎలా స్పందిస్తారన్నదీ ముఖ్యమే. "ప్రమోషన్ వచ్చింది" అన్నప్పుడు "మంచిది" అని ఊరుకున్నా, "ఇక ఇంటికి ఇంకా ఆలస్యంగా వస్తావన్నమాట" అన్నా ఒకటే, రెండూ చేటే. "ఎప్పుడు చెప్పారు? బాస్ ఏమన్నాడు?" అని అడగాలి.

అత్తగారి ఎదుట వేరే మాటలు

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో జిర్బల్ అనే ఆదివాసీ భాష ఉంది. పూర్వం అల్లుడు అత్తగారు వినేంత దూరంలో ఉంటే మామూలు భాషలో మాట్లాడకూడదు. అప్పుడు వాడే భాషలో వ్యాకరణం అదే, మాటలు దాదాపు అన్నీ వేరు. భాషాశాస్త్రవేత్త ఆర్. ఎం. డబ్ల్యూ. డిక్సన్ దాన్ని వివరంగా నమోదు చేశాడు. అల్లుడొస్తే తలుపు చాటు నుంచే మాట్లాడిన మన పాతతరం అత్తగార్లకు ఈ సంగతి వింతగా అనిపించదు.

బొటనవేలు ఖరీదు

కెనడాలో సస్కాచివన్ అనే రాష్ట్రంలో 2021లో ధాన్యం కొనే కంపెనీ ఒక రైతుకు ఒప్పంద పత్రం ఫొటో తీసి ఫోన్‌కు పంపింది. 86 టన్నుల అవిసెలు నవంబరులో ఇవ్వాలి. రైతు బొటనవేలు బొమ్మ పంపాడు. నవంబరుకల్లా ధర బాగా పెరిగింది, అవిసెలు రాలేదు. పత్రం అందిందని చెప్పడానికే ఆ బొమ్మ పెట్టానని రైతు, ఒప్పుకున్నట్టేనని కంపెనీ. అంతకుముందు ఒప్పందాలకు అతను "ఓకే", "యప్" అని ఒక్క ముక్కలో జవాబిచ్చి సరుకు ఇచ్చిన సంగతి కోర్టు చూసింది. 2023లో సుమారు 82 వేల కెనడా డాలర్లు కట్టమని తీర్పు. 2024లో అప్పీలు కోర్టూ దాన్నే ఖాయం చేసింది. ఫ్యామిలీ గ్రూపులో చావు కబురు కింద కూడా బొటనవేలు పెట్టేవాళ్లు ఒక్క క్షణం ఆగాలి.

రాతలో స్వరం పోతుంది. జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ తదితరులు 2005లో దీన్నే చూశారు. వ్యంగ్యంగా, సీరియస్‌గా రెండు రకాల వాక్యాలు ఈమెయిల్‌లో పంపమన్నారు. పంపినవాళ్లు ఎక్కువ శాతం అర్థమవుతాయని ధీమాగా ఉన్నారు. అందుకున్నవాళ్లు పట్టుకున్నది బొమ్మాబొరుసు వేసినదానికన్నా కాస్త మెరుగంతే. గొంతుతో చెప్పినప్పుడు చాలా బాగా పట్టుకున్నారు. మనస్తాపమైన సంగతి ఏదైనా వాట్సాప్‌లో తేల్చుకోకండి, ఫోన్ చేయండి.

ఏడు శాతం కట్టుకథ

"మాటల్లో ఉండేది 7 శాతమే, 38 గొంతులో, 55 ముఖంలో" అని వ్యక్తిత్వ వికాసం క్లాసుల్లో గట్టిగా చెబుతారు. 1967లో ఆల్బర్ట్ మెహ్రాబియన్ చేసిన ప్రయోగాల్లోవి ఆ అంకెలు. అక్కడ వినిపించినవి విడివిడి మాటలు, కొలిచింది ఎదుటి మనిషి మీద ఇష్టం ఉందా లేదా అన్నది మాత్రమే. అన్నిరకాల మాటలకూ ఇది వర్తించదని మెహ్రాబియనే స్పష్టంగా రాశాడు. మాటల విలువ ఏడు శాతమే అయితే ఈ పత్రిక చదివి మీకేం తెలిసేది?

తలుపు చప్పుడుకు దడుచుకున్న పాప

కాలిఫోర్నియాలోని మెర్సెడ్‌లో 1982లో లియా లీ పుట్టింది. లావోస్ నుంచి కాందిశీకులుగా వచ్చిన మాంగ్ తెగ కుటుంబం. మూడు నెలల వయసులో పాపకు ఫిట్స్ వచ్చాయి. అక్క తలుపు దభీమని వేసిందని, ఆ చప్పుడుకు పాప ఆత్మ బెదిరి పారిపోయిందని తల్లిదండ్రుల నమ్మకం. పిల్లలు దడుచుకుంటే తాయెత్తు కట్టించే ఊళ్లున్న మనకు ఇది అర్థం కాని మాటేమీ కాదు. ఆస్పత్రికి పరుగెత్తుకెళ్లేసరికి ఫిట్స్ ఆగిపోయాయి. మాంగ్ భాష తెలిసినవాళ్లు అక్కడ ఎవరూ లేరు. ఏం జరిగిందో చెప్పలేకపోయారు. ఛాతీలో ఇన్ఫెక్షన్ అని మందిచ్చి పంపేశారు. రెండోసారీ అంతే. మూడోసారి ఫిట్స్ వస్తుండగానే తీసుకెళ్లారు గనక మూర్ఛ అని తేలింది.

డాక్టర్లు చెడ్డవాళ్లు కారు. ఎంతో శ్రమపడ్డారు. నాలుగేళ్లలోపే మందుల చీటీ 23 సార్లు మార్చారు. ఆ తల్లిదండ్రులకు ఏ భాషా చదవడం రాదు. ఏ మాత్ర ఎప్పుడు, ఎంత? అర్థమైందా అంటే మర్యాదకు తలూపేవారు. మందులు సరిగా వేయడం లేదని 1985లో పాపను కోర్టు ద్వారా వేరే ఇంట్లో ఉంచారు. 1986 చివర పెద్ద ఫిట్స్, దానితో రక్తంలో ఇన్ఫెక్షన్. మెదడు దెబ్బతిని ఇక స్పృహ రాలేదు. తల్లి ఆమెను దశాబ్దాల పాటు ఇంట్లోనే కళ్లల్లో పెట్టుకుని చూసుకుంది. 2012లో లియా చనిపోయింది. ఆన్ ఫాడిమన్ 1997లో ఈ కథను పుస్తకంగా రాసింది.

ఆ పుస్తకంలో హార్వర్డ్ మనోవైద్యుడు ఆర్థర్ క్లెయిన్‌మన్ తయారుచేసిన ఎనిమిది ప్రశ్నలున్నాయి. ఈ జబ్బును మీరేమంటారు? ఎందుకొచ్చిందనుకుంటున్నారు? ఎలాంటి వైద్యం కావాలనుకుంటున్నారు? దీన్ని గురించి మీకు అన్నిటికన్నా భయమేమిటి? ఇలాంటివే అన్నీ. అడగడానికి ఐదు నిమిషాలు పడుతుంది. అన్నేళ్లలో లియా తల్లిదండ్రులను డాక్టర్లెవరూ ఇలా కూర్చోబెట్టి అడగలేదు.

డాక్టరు చెప్పినదాంట్లో 40 నుంచి 80 శాతం రోగులు వెంటనే మరిచిపోతారని వైద్య పరిశోధనలు చెబుతున్నాయి. అందుకే చాలా దేశాల్లో నర్సులకు ఒక పద్ధతి నేర్పుతారు: "అర్థమైందా?" అని అడగరు, "ఇంటికెళ్లాక మీవాళ్లకు ఏం చెబుతారో నాకు చెప్పండి" అంటారు. ఈసారి అమ్మనో నాన్ననో ఆస్పత్రికి తీసుకెళ్లినప్పుడు, మందులు కొన్నాక, ఆటో ఎక్కే ముందు మీరూ అలాగే అడగండి. పొద్దుటి మాత్ర ఏది, రాత్రి మాత్ర ఏది, ఎందుకు వేసుకోవాలో వాళ్ల నోటితోనే చెప్పించుకోండి. తప్పు చెబితే విసుక్కోకుండా మళ్లీ చెప్పండి. ఆ తర్వాత క్లెయిన్‌మన్ చివరి ప్రశ్న కూడా అడగండి: "నీకు దేనికి భయంగా ఉందమ్మా?"